ముగ్గురు రాజులు ఓడిన శ్రావణం

పులికాటు సరస్సు సముద్రంతో కలిసే మొగకు ఉత్తరాన, ఇసుక తిన్నెల నడుమ, మొగతిప్ప అనే చిన్న ఊరుంది. చేపల వేటే జీవనంగా గల ఆ ఊరి కుటుంబాలు సరస్సులో వల కట్టే చోటును ఎవరూ తమదని చెప్పుకోరు. నీటికి గట్టు లేదు గనుక హక్కూ లేదన్నది వారి పెద్దలు ఏర్పరచిన ధర్మం. ఏటా భాద్రపదంలో, వానలు దిగకముందు, గంగమ్మ గుడి ఎదుట ఒక మట్టికుండలో చీటీలు వేసి ఇంటికొకటి చొప్పున తీస్తారు. ఏ చోటు వస్తే ఆ వానకారంతా అక్కడే గుంజలు పాతి రొయ్యల వల కట్టుకోవాలి. మొగకు చేరువ చోటు వచ్చిన ఇంట ఆ ఏడు సమృద్ధి. పూడిక చేరిన మడుగు వచ్చిన ఇంట ఆ ఏడు ఓర్పు.

కుండలో చేయి పెట్టేముందు ప్రతి ఇంటి యజమానినీ ఊరి పెద్ద ఒక ప్రశ్న అడుగుతాడు. "మనసులో మంట ఏమైనా ఉండాదా?" లేదన్నవాడే చేయి పెట్టాలి. మండే చేయి తగిలితే ఊరందరి వంతులూ చెడిపోతాయని వారి నమ్మకం. ఉందన్నవాడి చేయి ఆగిపోతుంది. చేయి ఆగిన ఇంటికి ఆ ఏడు వంతు లేదు. ఆ ఇంటివారు వానకారంతా ఇతరుల వలల దగ్గర కూలికి నిలబడవలసిందే. ఏళ్ల తరబడి అందరూ "లేదు" అనే చెబుతూ వచ్చారు. కొందరిది నిజం, కొందరిది అలవాటు. గుడి ముందరి ఆ ఒక్క మాటనూ సంధ్యావందన మంత్రంలాగా అర్థం తలచి చెప్పేవాడు ఊరిలో ఒక్కడే ఉన్నాడని చెప్పుకొనేవారు. అతడు ముత్యాలయ్య.

ముత్యాలయ్యకు యాభై దాటాయి. ఎత్తైన మనిషి, ఉప్పుగాలికి చర్మం ముదిరినా మాట ముదరలేదు. వరుసగా మూడు వానకారులు పూడిక మడుగే వచ్చినా ముఖం చిట్లించినవాడు కాడు. "చేయి మనది, చీటీ అమ్మది" అని గుంజలు భుజాన వేసుకొని పోయేవాడు. జయాపజయాలను సమంగా చూడమని శాస్త్రం చెబితే వినేవారు చాలామంది. వినకుండానే ఆచరించేవాడు ఇతడని ఊరు మురిసేది. వల అల్లడంలోనూ అంతే. అతడు అల్లిన వలలో ఒక కన్నుకూ మరొక కన్నుకూ తేడా ఉండదు.

అటువంటి మనిషిని పేకముక్కలు పట్టుకొన్నాయి.

శ్రీహరికోటలో రాకెట్టు లేచే దినాలలో సముద్రం మీదికి పడవలు పోరాదు. ఆ దినాలలో మగవారంతా వలల కొట్టాంలో చేరి చినిగిన వలలు బాగుచేసుకొంటారు. నిరుడు వైశాఖంలో అటువంటి ఒక దినాన చిన్నబాబు కొట్టాంలో చాప పరచి పేకల కట్ట విప్పాడు. చిన్నబాబు ముత్యాలయ్యకు వరుసకు మేనల్లుడు. చెన్నై నుంచి పోయే సరకుల ఓడలో చాలాకాలం వంటవాడుగా తిరిగి, సముద్రం చాలనిపించి, ఊరికి వచ్చి మళ్లీ పడవ ఎక్కాడు. ఓడ మీద నేర్చిన ఆటను ఊరివారికి నేర్పాడు. "పోకరు" అన్నాడు. మనిషికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు ఒకదాని తరువాత ఒకటిగా తెరుస్తారు. తన రెండింటినీ చాపమీది ఐదింటినీ కలిపి చూసుకొని, ఎవరి ఐదు ముక్కల కూర్పు బలమైనదో వారు గెలుస్తారు. ప్రతి ముక్కకూ పందెం పెంచవచ్చు, లేదా చేతులెత్తేసి తప్పుకోవచ్చు.

పందెం డబ్బు కాదు. మాల్యాద్రి ఊరి పెద్ద. డబ్బు చాపమీద పడితే కట్టను సరస్సులో పారేస్తానని ముందే చెప్పాడు. అందువల్ల గవ్వలు పెట్టారు. గవ్వకు ఒక బార వల. ఓడినవాడు గెలిచినవాడి వలను అన్ని బారలు బాగుచేయాలి.

ముత్యాలయ్య మొదట నవ్వుతూ కూర్చున్నాడు. కొద్ది దినాలకే ఆటలోని లెక్క అతనికి పట్టుబడింది. ఏ ముక్కలు బయట ఉన్నాయి, ఏవి రావచ్చు, ఎదుటివాడు ఎందుకు పెంచుతున్నాడు అని వేలితో చాపమీద గీస్తూ ఆలోచించేవాడు. గెలిచిన దినాన వేట నుంచి వచ్చినంత సంతోషం. ఓడిన దినాన మాత్రం అతనికి తెలియని బాధ ఒకటి మొదలైంది. మడుగు వచ్చినప్పుడు కలగని బాధ, పిడికెడు గవ్వలు పోయినప్పుడు కలిగేది.

దానికి కారణం లేకపోలేదు. కుండలోని చీటీలో పురుషకారానికి చోటు లేదు. అది కేవలం దైవం. అందులో ఓడితే మనిషికి అవమానం లేదు. ఈ ఆటలో దైవమూ పురుషకారమూ ఒకే చాపమీద మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటాయి. ఏ ఓటమి దేనిదో విడదీయడం కష్టం. ముత్యాలయ్య విడదీయలేదు. ఓడిన ప్రతిసారీ తన బుద్ధినే తూకంలో వేసుకొని, తక్కువైందని కుమిలేవాడు. తక్కువ కాలేదని రుజువు చేయడానికి వెంటనే ఇంకొక ఆటకు కూర్చొనేవాడు. ఆ ఆటను ముక్కలు చూసి ఆడేవాడు కాడు, మంట చూసి ఆడేవాడు. అందువల్ల అదీ పోయేది.

ఇంటిముందు, ఆటలో గెలిచినవారి వలలు కుప్పపడసాగాయి. భార్య గురవమ్మ వాకిలి ఊడ్చేటప్పుడు వాటిని దాటుకొని ఊడ్చేది.

"ఇది ఎవరిది?"

"సుధాకరుది."

"ఇది?"

"చిన్నబాబుది."

"ఆ మూల మూట?"

"అదీ చిన్నబాబుదే."

"మన వల ఒకటి యాడనో ఉండాల. దొరికితే చెప్పు, సముద్రంలో వేసుకుందాం" అన్నది గురవమ్మ.

అదే ఏడు శ్రావణమాసంలో మళ్లీ రాకెట్టు దినం వచ్చింది. ఆనాటి ఆటను ఊరు ఇప్పటికీ చెప్పుకొంటుంది. ముత్యాలయ్య చేతికి రెండు రాజులు వచ్చాయి. చాపమీద తెరిచిన మొదటి మూడు ముక్కలలో ఇంకొక రాజు, రెండు ఆఠీనులు. ముగ్గురు రాజులు కూడినవాడు సామాన్యంగా ఓడడు. అందరూ తప్పుకొన్నారు, చిన్నబాబు ఒక్కడే నిలిచాడు. నాలుగో ముక్క కళావరు; ఎవరికీ పనికిరాలేదు. చిన్నబాబు దగ్గర రెండు ఆఠీనులు ఉన్నాయనీ, ఐదో ఆఠీనుకోసం చూస్తున్నాడనీ ముత్యాలయ్య సరిగానే పోల్చుకొన్నాడు. అది వచ్చే అవకాశం తక్కువ, రాకపోయే అవకాశం చాలా ఎక్కువ. లెక్క తప్పలేదు. ఉన్న గవ్వలన్నీ చాపమీదికి నెట్టాడు. చిన్నబాబు కొంతసేపు తలగోక్కొని, "సరే మామా" అన్నాడు.

ఆఖరి ముక్క ఆఠీను.

ఒకే రంగు ఐదు కూడితే ముగ్గురు రాజులూ దిగదుడుపే. కొట్టాంలో ఒక నవ్వు పుట్టి, ముత్యాలయ్య ముఖం చూసి ఆగిపోయింది. అతడు చేతిలోని రాజులను విసిరికొట్టాడు.

"ఓడ మీద నేర్చిన దొంగ చేతులురా నీవి!"

చిన్నబాబు ముక్కలు ఏరి, అంచులు సరిచేసి, కట్టను లుంగీ మడతలో దోపుకొని లేచిపోయాడు. ఆ మాటను ఊరు మొత్తం విన్నది. ఒకే పడవ మీద ప్రాణాలు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకొని బతికేవారిలో "దొంగ చేయి" అన్నది చిన్న మాట కాదు. మరునాటి నుంచి చిన్నబాబు తన పడవలోకి తోడు రమ్మని అడిగితే ఇద్దరు ముగ్గురు ఏవో సాకులు చెప్పారు.

ముత్యాలయ్య ఇంటి అరుగుమీద కూర్చొని, ఓడిన బారలన్నీ బాగుచేయడం మొదలుపెట్టాడు. మాట తప్పే మనిషి కాడు. గురవమ్మ పక్కన చేరి, అల్లినంతమేర వేళ్లతో తడిమింది.

"ఈడ కన్ను చిన్నదైంది."

"కాలేదు."

"వేలు పెట్టి చూడు. ఈ వరుస బిగిసింది. ఈ వరుసా బిగిసింది. ఏమనుకుంటా అల్లినావు?"

అతడు సూది కింద పెట్టాడు. "అది రాకూడని ముక్క, గురవా. నేను సరిగ్గానే ఆడినా."

"ఆడినావు. అయితే ఏంది?"

"సరిగ్గా ఆడినోడు ఎట్లా ఓడతాడు?"

"సరిగ్గా వల వేసినోడు ఉత్త చేతుల్తో రాలేదా ఎప్పుడూ? నువ్వే ఎన్నిసార్లు రాలేదు! ఒక్కనాడైనా సముద్రాన్ని దొంగ అన్నావా?"

అతడు సూది మళ్లీ అందుకొన్నాడు. గురవమ్మ అసలు మాటకు వచ్చింది.

"చీటీల దినం దగ్గరికొచ్చె. కుండ దగ్గర మాల్యాద్రన్న అడిగితే ఏం చెప్తావు?"

"లేదంటా. అందరూ అనేదే గదా."

"నీకు చేతగాదు" అన్నది ఆమె. కోపంతో కాదు, వాన వచ్చేటట్టుంది అన్నంత మామూలుగా. "లేదని నువ్వు అబద్ధం ఆడలేవు. ఉందంటే మనకు వంతు పోతాది. ఆ ముగ్గురు రాజులూ వచ్చి మనకు కూడు పెడతారా?"

ఆ తరువాతి దినాలలో ముత్యాలయ్య మంటను ఆర్పుకొనడానికి తనకు తోచినవన్నీ చేశాడు. తెల్లవారి గంగమ్మకు నీళ్లు పోసి, మనసు చల్లబడాలని మొక్కాడు. మొక్కుతుండగానే ఆఖరి ముక్క కళ్లముందు తిరగబడేది. ఒకసారి కొట్టాంలో సుధాకరుతో ఇంకొక కట్ట తీసుకొని కూర్చొని, గెలిస్తే సరిపోతుందేమోనని చూశాడు. గెలిచాడు కూడా. అయినా సరిపోలేదు. ఇంధనం వేసి అగ్నిని తృప్తిపరచడం ఎవరివల్ల అయింది? పోయిన గవ్వలకు ఎన్నింతలు వచ్చినా, పోయిన ఆ ఒక్క ఆట తిరిగి రాదని ఆనాడు అతనికి తెలిసింది. మరుసటి ఆటకు ముక్కలు పంచేసరికి లేచి వచ్చేశాడు.

బిగిసిన వరుసలన్నీ విప్పి మళ్లీ అల్లాడు. పని ముగిసిన సాయంత్రం ఆ వలను భుజాన వేసుకొని చిన్నబాబు ఇంటికి పోయాడు. చిన్నబాబు వాకిట్లో కూర్చొని చేపలు తోముతున్నాడు. చూసి, పీట జరిపాడు.

"వల" అన్నాడు ముత్యాలయ్య.

"ఆడ పెట్టు మామా."

పెట్టాడు. పోలేదు. చిన్నబాబు ఇంకొక చేప తోమాడు.

"నువ్వు దొంగాట ఆడలేదని నాకు తెలుసురా."

"ఎప్పుడు తెలిసె?"

"అప్పుడే. నోటినుంచి మాట పడకముందే."

చిన్నబాబు కత్తి ఆపాడు. "తెలిసీ అన్నావా! మరి ఎందుకన్నావంట?"

ముత్యాలయ్య పీటమీద కూర్చొన్నాడు. "నువ్వు దొంగవు కాదంటే ఇంక ఎవర్ని తిట్టాల్నో తెలియలేదు."

చిన్నబాబు అతన్ని ఎగాదిగా చూసి, ఆపుకోలేక నవ్వాడు. "బాగుందే! తిట్టేదానికి మనిషి కావాలని నన్ను పెట్టుకున్నావా? నా పడవకు తోడు వచ్చేవాడు లేకుండా పోయినాడు, తెలుసా?"

"తెలుసు. తప్పురా."

చిన్నబాబు చేతులు కడుక్కొని వచ్చి ఎదురుగా కూర్చొన్నాడు. "విను మామా. ఆ పూట నువ్వు ఆడింది మంచాట. తప్పు నాది. అంత తక్కువ ఆశకు నేను నిలబడకూడదు. వచ్చిందనేసరికి మంచాటగాణ్ణయితినా? రాలేదనేసరికి నువ్వు చెడ్డాటగాడివా? ఆడేది ఒకటి, వచ్చేది ఒకటి. రెండూ కలిపి ముడేస్తే పిచ్చి పడతాది. మా ఓడలో పెద్ద వంటాయన ఉండె. ఓడినాడంటే లేచిపోయి గంప ఉల్లిపాయలు ఒలిచేవాడు. ఏడుపు వస్తే ఉల్లిపాయల మీద తోసేదానికి అనుకున్నారు అందరూ. కాదు. మంట మీద ఉండి ఇంకొక ఆట ఆడకూడదని, అంతే."

"ఆయనకు మంట పోయేదా?"

"యాడ పోయేది! చల్లారేదాకా ముక్క పట్టేవాడు కాదు."

ఆ మాట ముత్యాలయ్యకు ఊరట ఇవ్వలేదు గాని ఒక బరువు దించింది. మంట ఉండడమే తన పతనమని అతడు ఇంతకాలం అనుకొన్నాడు. వచ్చిన అతిథిని వాకిట్లో కూర్చోబెట్టడం వేరు, చేతికి ఇంటి తాళంచెవి ఇవ్వడం వేరు. కోపాన్ని జయించమన్న పెద్దలు, అది పుట్టనే కూడదని ఎక్కడా శాసించలేదు.

"నా మీద పోయిందా?" అని అడిగాడు చిన్నబాబు.

"నీ మీద పోయింది. ముక్క మీద ఉండాది."

చీటీల దినాన గుడి ఎదుట అందరూ చేరారు. పసుపు పూసిన కుండను మాల్యాద్రి అమ్మవారి గడపమీద పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చారు. "మనసులో మంట ఏమైనా ఉండాదా?" "లేదు." మొగ దగ్గరి చోటు ఇంకా కుండలోనే ఉంది. పూడిక మడుగు కూడా ఇంకా ఎవరికీ రాలేదు. ముత్యాలయ్య వంతు వచ్చింది. గురవమ్మ ఆడవారి మధ్య నిలబడి కొంగు కొసను వేలికి చుట్టుకొంటున్నది.

"మనసులో మంట ఏమైనా ఉండాదా?"

"మనుషుల మీద లేదు" అన్నాడు ముత్యాలయ్య.

మాల్యాద్రి కనుబొమలు ముడిచాడు. "అంటే?"

"ఓడినందుకు ఇంకా మండతానే ఉండాదన్నా. తగ్గింది. పోలేదు. లేదని అమ్మ ముందర ఎట్లా చెప్పేది?"

గుంపులో కలకలం రేగింది. "ముక్క మీద మంట మంటేనా?" అని ఒకరు. "మంట మంటే, దేని మీదైతే ఏంది" అని మరొకరు. "ఇట్లయితే మా ఇంటామె మీద నాకు రోజూ ఉంటాది, నేనూ తీయకూడదా?" అన్నాడు సుధాకరు. నవ్వులు లేచాయి గాని మాల్యాద్రి నవ్వలేదు.

"ఆచారం నేను పెట్టింది కాదు ముత్యాలూ. ఉండాదన్నావు. ఇంక చేయి పెట్టకూడదు."

ముత్యాలయ్య తల వంచి వెనక్కి అడుగు వేశాడు. అప్పుడు చిన్నబాబు ముందుకు వచ్చాడు.

"పెద్దయ్యా, జ్వరం పడ్డోడికి ఇంకొకరు తీస్తారు గదా?"

"తీస్తారు. అయితే?"

"ఈయనదీ జ్వరమే. చూస్తే తెలియలా?"

మాల్యాద్రి చాలాసేపు కుండవైపు చూశాడు. తరువాత, "జ్వరమే అనుకుందాం" అన్నాడు. "అయితే ఎవరి చేయో వాడే చెప్పాల. చెప్పినాక ఏది వచ్చినా నోరెత్తకూడదు. ముత్యాలూ, ఎవరు తీస్తారు?"

గురవమ్మ అప్పటికే ఒక అడుగు ముందుకు వేసింది. భర్త చీటీని భార్య తీయడం ఎవరికీ వింత కాదు. ఆమెది మంచి చేయి అని ఊరు నమ్మేది కూడా. ముత్యాలయ్య ఆమెను చూశాడు, గుంపును చూశాడు. ఆ గుంపులోనే చిన్నబాబు పడవకు తోడు పోనివారు నిలబడి ఉన్నారు.

"చిన్నబాబు తీయాల" అన్నాడు. "ఊరందరూ వినేటట్టు ఆ చేతిని ఒక మాటన్నా. ఊరందరూ చూసేటట్టు ఆ చేయే నా చీటీ తీయాల."

చిన్నబాబు ముఖం ఎర్రబడింది. చేయి కడుక్కొని, కళ్లకద్దుకొని, కుండలో పెట్టాడు. తీసిన చీటీని విప్పకుండా మాల్యాద్రికి ఇచ్చాడు. మాల్యాద్రి విప్పి చదివాడు.

"పూడిక మడుగు."

అందరి కళ్లూ ముత్యాలయ్య ముఖం మీదే ఉన్నాయి. సుధాకరు గొంతు సవరించుకొన్నాడు.

"దొంగ చేయి అయ్యుంటే మొగ తెచ్చేది గదా!"

నవ్వు గుడి చుట్టూ తిరిగింది. ఆడవారు నవ్వారు, మాల్యాద్రి నవ్వాడు, గురవమ్మ కన్నీళ్లు తుడుచుకొంటూ నవ్వింది. ముత్యాలయ్య చివరగా నవ్వాడు గాని అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. చిన్నబాబు పడవకు రేపు తాను తోడు వస్తానని, ఎవరూ అడగకుండానే, ఒకడు వెనకనుంచి అన్నాడు.

చీటీలన్నీ అయిపోయాక ముత్యాలయ్యా చిన్నబాబూ ఒడ్డువెంబడి నడిచారు.

"మండిందా మామా, మడుగు అన్నప్పుడు?"

"మండింది. ఇంతకుముందు మడుగుకు ఎప్పుడూ మండలేదు. ఈసారి మండింది."

"ఎంత?"

ముత్యాలయ్య నిజాయితీగా లెక్క చూసుకొన్నాడు. "కూడు తినేలోపల చల్లారేటంత."

ఇంటి దగ్గర గురవమ్మ కూడు వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. చేయి కడుక్కొన్న తరువాత ముత్యాలయ్య, ఈ ఏడు మడుగులో నీరు ఎంతవరకు వస్తున్నదో, నేల ఎక్కడ గట్టిగా ఉన్నదో చూడాలని ఒక వెదురు గడ తీసుకొని సరస్సులోకి దిగాడు. చిన్నబాబు ఒడ్డున నిలబడి, ఎంత లోతుందని అడిగాడు. అతడు గడ దించి చూసి, మోకాలి పైకి చేయి పెట్టి చూపించి, ఇంకొంచెం లోపలికి నడిచాడు.